మూసిన పేరు

ఎడ్వినా వాళ్ల అక్క పోయిన రోజునే ఎడ్వినా కూతురి పేరు కూడా పోయింది. ఇద్దరిదీ ఒకటే పేరు మరి. పిల్ల పుట్టినప్పుడు పెద్దమ్మే ముచ్చటపడి తన పేరు పెట్టించింది. ఇరవై ఏళ్లపాటు మా ఎడారి ఊరు మిర్రిన్‌పాలో ఆ పేరు పెట్టి కేకేస్తే రెండిళ్లలోంచి "ఏంటీ?" అని వినపడేది. ఆ పేరేమిటో నేను రాయను, అడగొద్దు. మాలో పోయినవాళ్ల పేరు మూసేస్తాం. దుఃఖంలో ఉన్నవాళ్ల చెవిన అది పడితే పుండు మీద కారం చల్లినట్టే. అదే పేరున్న మనిషి బతికుంటే ఆ మనిషిని కూడా "కున్మనార" అని పిలుస్తాం, పేరు మూసినది అని. పోయినవాళ్ల తరఫు పెద్దలు మళ్లీ తెరిచేదాకా అంతే. ఏడాది కావచ్చు, రెండేళ్లు కావచ్చు.

అలా ఆ మార్చి నెల నుంచి ఎడ్వినా కూతురు కున్మనార అయింది. అప్పటికి దానికి నాలుగో నెల. కడుపు బాగానే ఉంది, గుండే మంచిది కాదు.

చిన్నప్పుడు ఒక్క కుళాయి ఉన్న ఇంట్లో పద్నాలుగు మంది బతికిన రోజుల్లో దానికి గొంతునొప్పి వచ్చింది. తర్వాత మోకాళ్లు వాచాయి. ఆ తర్వాత గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం మానేసింది. మా పిల్లల్లో ఇది వింత కాదు, వీధికొకరు ఉంటారు. ఇరవై ఎనిమిది రోజులకోసారి పిర్రకి సూది వేయించుకుంటూ ఉంటే తలుపు ఇంకా పాడవకుండా ఉంటుంది. కడుపుతో ఉన్నదానికి సూది ఒక్కటే చాలదు. ఏడాదికి రెండుసార్లు గుండెని తెర మీద చూపించే పెట్టెతో విమానంలో వచ్చే గుండె డాక్టరు చూడాలి, మందులివ్వాలి, ఏడో నెల రాగానే టౌను ఆసుపత్రికి పంపెయ్యాలి. ఇదంతా జరగాలంటే క్లినిక్ లిస్టులో దాని పేరుండాలి.

ఆ లిస్టుని పదకొండేళ్లు మార్గ్ అనే నర్సు చూసుకుంది. మార్గ్ నోరు మంచిది కాదు గానీ మనిషికి బుద్ధుంది. ఊళ్లో ఎవరన్నా పోతే మర్నాడే లిస్టూ పెన్సిలూ పట్టుకుని ఆడవాళ్ల మధ్య నేల మీద చతికిలబడేది. "ఏ పేర్లు మూశారో చెప్పండి, త్వరగా, నాకు బోలెడు పనుంది" అనేది. కొట్టేసి, ఆ పక్కన "ఎడ్వినా పెద్దపిల్ల" అనో "గేటు పక్కింటి కుర్రాడు" అనో రాసుకునేది. మళ్లీ ఎవరి ముందూ ఆ పేరు ఎత్తేది కాదు. క్రిస్మస్‌కి ఆమె మోకాళ్లు అరిగిపోయాయని ఉద్యోగం మానేసి సముద్రం ఒడ్డుకి పోయింది. అప్పట్నుంచి మూడేసి వారాల నర్సులు. ఎడారి చూద్దామని వస్తారు, సూర్యాస్తమయానికి ఫొటోలు తీసుకుంటారు, మా పేర్లు నోరు తిరిగేలోపు సర్దుకుని వెళ్లిపోతారు.

పోయిన అక్క తిరిగిన చోట తనవాళ్లెవరూ ఉండకూడదు కాబట్టి ఎడ్వినా వాళ్లంతా డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న చెలమ క్యాంపుకి పోయి టార్పాలిన్ల కింద దుఃఖంలో కూర్చున్నారు. ఎడ్వినా ముసలి తల్లి, కూతురు, మనవలు, పోయినావిడ ఆడపడుచు రోడా, రోడా తరఫు జనం. అల్లుడు ఫుట్‌బాల్ అంటూ అప్పటికే ఎటో పోయాడు, వాడి ఊసు ఇక్కడ అనవసరం. క్యాంపులో ఒకటే ఫోను, రేకు కప్పు కింద స్తంభానికి. దాని చెవిముక్క ఎప్పుడో పోయింది. మాట్లాడాలంటే స్పీకరు నొక్కాల్సిందే. అవతలివాళ్లు మాట్లాడితే క్యాంపంతా వింటుంది.

రెండో వారంలో ఫోను మోగింది. ఎడ్వినాయే వెళ్లి నొక్కింది.

"హలో! క్లినిక్ నుంచి బ్రిజిట్‌ని" అని, ఆ కొత్త నర్సు పోయినావిడ పేరు, అంటే పిల్ల పేరే, ఇంటిపేరుతో సహా ఖణేల్మని పలికింది. "ఉందా అక్కడ?"

క్యాంపు మొత్తం బిగుసుకుపోయింది. ముసలామె చేతికందిన రాయి తీసుకుని నుదుటి మీద కొట్టుకుంది. రోడా లేచి నిలబడి ఎడ్వినాని చూసింది. ఆ చూపు సంగతి నేను చెప్పనక్కర్లేదు. ఆడపడుచు చూపు ఎక్కడైనా ఆడపడుచు చూపే.

ఎడ్వినాకి తెలుసు, ఆ నర్సు ఎవరి కోసం అడుగుతోందో. సూది ఈ వారమే. అది కూడా తెలుసు. కానీ నలుగురిలో ఆ పేరుకి 'ఉంది' అని ఎలా పలుకుతుంది?

"ఆ పేరు గలవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు" అంది.

"ఓ. వేరే ఊరు వెళ్లిందా?"

"ఊఁ."

"పడమటి వైపా? వాళ్ల ఆయన వాళ్లూరా?"

"ఊఁ."

"ఇక రానట్టేనా? మీరెవరు మాట్లాడేది, వాళ్లమ్మగారా?"

"ఊఁ."

తెల్లవాళ్లు ప్రశ్న మీద ప్రశ్న గుచ్చుతుంటే ఊఁ కొట్టి వదిలించుకోవడం మాకు అలవాటు. మా తాతలు పోలీసుల దగ్గర నేర్చుకున్నది. దానివల్ల ఎంతమంది జైలుకి పోయారో లెక్క లేదు, అయినా మానలేదు.

"మంచిది, ఫైలు మూసేస్తాను" అంది బ్రిజిట్ సంతోషంగా. ఒక పని తగ్గింది కదా.

ఎడ్వినా అనుకున్నది ఒక్కటే: మర్యాద తెలిసిన మనిషైతే ఒకసారి లేదన్నాక ఇంకో రకంగా అడుగుతుంది. 'నీ పెద్దపిల్ల ఎలా ఉంది?' అనొచ్చు. బుధవారం క్లినిక్ బండి వస్తుంది కదా, అప్పుడు పక్కకి లాగి చెబుదాం అనుకుంది. బుధవారం బండి రాలేదు. పై బుధవారమూ రాలేదు. లిస్టులో చెలమ క్యాంపు వాళ్లెవరూ మిగల్లేదు మరి, దేనికొస్తుంది? మే నెలలో గుండె డాక్టరు పెట్టెతో మిర్రిన్‌పాలో దిగి, ఆరుగుర్ని చూసి, టీ తాగి వెళ్లిపోయాడు. ఆ సంగతి వీళ్లకి నాలుగు రోజుల తర్వాత తెలిసింది.

జూన్ వచ్చేసరికి కున్మనార నీళ్ల బిందె దగ్గరికి వెళ్లి రావడానికి మధ్యలో రెండుసార్లు కూర్చుంటోంది. పడుకుంటే దగ్గు. కూర్చునే నిద్రపోతోంది, వీపు బండి చక్రానికి ఆనించి.

"నేను ఏడుగుర్ని కన్నాను, ఆయాసం అని ఒక్కనాడు కూర్చోలేదు" అనేది ముసలామె. "కడుపు దించే ముందు రోజు కూడా ఉడుము తవ్వి తెచ్చాను. ఈ కాలప్పిల్లలు చిప్సు తిని కడుపు మోస్తారు."

"నువ్వు ఉడుము తెచ్చావో, ఉడుమే నిన్ను తెచ్చిందో ఎవడు చూశాడులే అవ్వా" అనేది పిల్ల, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. నవ్వేది. నవ్వితే దగ్గు.

ఎడ్వినాకి నవ్వు రాలేదు. ఎవరిదో టయోటా అడిగి పుచ్చుకుని మిర్రిన్‌పా క్లినిక్‌కి తీసుకెళ్లింది. రోడా కూడా కొట్టులో పిండీ టీపొడీ కొనాలని అదే బండి ఎక్కింది.

బ్రిజిట్ ఎప్పుడో వెళ్లిపోయింది. ఇప్పుడున్నది ఇంకో పిల్ల, చెవులకి పోగులు, అలసిన కళ్లు. వరసలో పదిమంది.

"పేరు?"

"కున్మనార" అంది కూతురు నేల చూస్తూ.

నర్సు కంప్యూటర్లో వెతికింది. కున్మనారలు నలుగురున్నారు, ముగ్గురు ముసలివాళ్లు, ఒకడు మగవాడు. "నువ్వు మా దగ్గర లేవమ్మా. కొత్త ఫైలు తెరుస్తాను. పుట్టినరోజు?" పిల్ల సిగ్గుపడి భుజాలు ఎగరేసింది. జనవరి ఒకటి అని కొట్టింది నర్సు. ఎడ్వినా వైపు తిరిగి, "మీరు బయట కూర్చోండి. ఇది ఆమె సొంత విషయం" అంది. అమ్మ ముందు ఆడపిల్ల మాట్లాడలేదట. అమ్మ లేకపోతే ఈ పిల్ల అసలు నోరే విప్పదని ఎవరు చెప్పాలి దానికి?

పావుగంటలో ఐరన్ మాత్రల సీసాతో బయటికొచ్చింది కూతురు.

"ఏం అడిగింది?"

"ఇంతకుముందు జబ్బులేమన్నా ఉన్నాయా అంది. లేవన్నాను."

"ఎందుకే?"

"తొందరలో ఉందమ్మా."

ఎడ్వినా తలుపు తోసుకుని లోపలికెళ్లింది. "దానికి సూది వెయ్యాలి. గుండెది."

"ఏ సూది? రికార్డులో ఏమీ లేదే."

"పాత ఫైలు చూడు. పెద్ద ఫైలు ఉంటుంది."

"ఏ పేరు మీద?"

తలుపు తెరిచే ఉంది. బెంచీ మీద పిండిబస్తా ఒళ్లో పెట్టుకుని రోడా, ఆ పక్కన పోయినావిడ మొగుడి తమ్ముడు, వాళ్ల పెద్దమ్మ. అందరూ ఎడ్వినా నోటివైపే చూస్తున్నారు.

"మార్గ్‌ని అడుగు" అంది ఎడ్వినా.

"మార్గ్ ఎవరు?"

గుసగుసగా చెప్పి ఉండొచ్చుగా అంటారు మీరు. కాగితం మీద రాసివ్వొచ్చుగా అంటారు. ఎడ్వినాకి రాయడం రాదు. ఇక గుసగుస అంటారా, కన్నతల్లి శవం ఇంట్లో ఉండగా గుసగుసగా నవ్వమంటే మీరు నవ్వుతారా? నాకూ కోపం వస్తుంది ఎడ్వినా మీద, రాకుండా ఎలా ఉంటుంది. ఆ గదిలో ఆమె నిలబడ్డ నిమిషం తలుచుకుంటే జుట్టు పట్టుకుని ఊపాలనిపిస్తుంది. కానీ అక్కడ నేనున్నా నోరు పెగిలేది కాదు. అందుకే ఇంకా కోపం.

"సరే, పేరు తెలుసుకుని మంగళవారం రండి" అంది నర్సు. "మంగళవారం గర్భిణుల రోజు."

బండి దగ్గర ఎడ్వినా రోడా చెయ్యి పట్టుకుంది. "వదినా, నీ కాళ్లు పట్టుకుంటాను. క్లినిక్‌లో ఒక్కసారికి పేరు తెరువు. నువ్వు తెరిస్తే ఎవరూ ఏమీ అనరు."

"మూడు నెలలు" అంది రోడా. "మా వదిన నేలలోకి వెళ్లి మూడు నెలలు. అప్పుడే సొంత అక్క బరువైపోయిందా నీకు?"

"అక్క కాదు వదినా, పిల్ల. చూడు దాన్ని, ఊపిరాడట్లేదు."

"కడుపుతో ఉన్నది ఎగురుతుందా మరి? తొమ్మిదో నెలకి దిగుతుందిలే. ఏడాది తిరగనీ, మా వాళ్లంతా వస్తారు, పొగ వేసి శుద్ధి చేస్తాం, అప్పుడు చూద్దాం." బస్తా బండిలోకి విసిరింది. "తెల్లదాని చేతిలో మాత్ర కోసం చచ్చినవాళ్లని లేపుతావా?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. రోడా రాక్షసి కాదు. వదిన చివరి రెండేళ్లూ టౌన్లో రక్తం కడిగే మిషను పక్కన కూర్చుని సేవ చేసింది రోడాయే. ఆ సేవంతా ఇప్పుడు ఆ ఒక్క పేరు మీద కాపలాగా మారింది. ఎడ్వినా మళ్లీ అడగలేదు. మంగళవారానికి ఇంకా నాలుగు రోజులుంది, ఈలోపు క్లినిక్‌లో ఎవరూ లేని వేళ చూసి వెళ్దాం, ఒంటరిగా ఆ నర్సు చెవిలో చెప్పేద్దాం అని మనసులో గట్టిగా అనుకుంది. చెప్పేసేదే, నాకు నమ్మకమే.

ఆదివారం పొద్దున, ఇంకా చలిమంట ఆరలేదు, కూతురు దగ్గితే గులాబి రంగు నురగ వచ్చింది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. "అమ్మా, మునిగిపోతున్నానే" అంది. చుట్టూ నాలుగొందల కిలోమీటర్ల పొడి ఇసుకలో కూర్చుని అన్న మాట అది.

టయోటాని ఆ గతుకుల్లో ఎంత తోలితే అంత తోలారు. ఎడ్వినా వెనక కూర్చుని కూతుర్ని ఒళ్లోకి ఎత్తి నిలబెట్టి పట్టుకుంది, పడుకోబెడితే ఊపిరి ఆగుతోందని. ఈసారి నర్సు చెవి పెట్టి విన్నది. విని తెల్లబోయింది. "ఈ గుండె... ఇది ఎప్పట్నుంచి? ఎందుకు చెప్పలేదు నాకు?" అని అరిచింది. పాపం, దానికీ ఇరవై అయిదేళ్లుంటాయి. రెండు గంటలకి విమానం దిగింది. అందులో డాక్టరు, నర్సు, ఇంకో ఊరి నుంచి ఎక్కించిన ముసలాయన.

"సీటు లేదమ్మా" అన్నాడు పైలెట్. "బరువు సరిపోదు. మీరు రోడ్డు మీద రండి."

ఆ పిల్ల ముక్కుకి గొట్టం పెట్టుకుని అమ్మ చెయ్యి వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు.

రోడ్డు మీద టౌనుకి ఒకటిన్నర రోజు పట్టింది. దారిలో టైరు పేలింది, స్పేరు ఎవరో వాడేశారు. మంగళవారం, గర్భిణుల రోజున, మధ్యాహ్నం ఆసుపత్రికి చేరారు ఎడ్వినా, ముసలామె, రోడా. చేరేసరికి కూతురు చచ్చిపోయి ముప్పై గంటలైంది. కడుపు కోసి బిడ్డని తీశారట. తల్లి కళ్లు తెరవలేదట. ఆడపిల్ల, కిలోన్నర, గాజుపెట్టెలో ఉంది, బతికింది.

ముసలామె కారిడార్లోనే కూలబడింది. రోడా గోడకి తల కొట్టుకుంది, మనస్ఫూర్తిగానే, రక్తం వచ్చేలా. ఎడ్వినా ఏడవలేదు. గాజుపెట్టె ముందు నిలబడి ఆ వేలెడంత పాదాన్ని చూస్తూ ఉండిపోయింది. ఇక ఈమెకి కావాల్సింది అదొక్కటే. ఆ పాదం, అది ఇంటికి రావడం.

అప్పుడొచ్చింది ట్రేసీ అనే ఆవిడ, మెడలో ఆసుపత్రి కార్డు, చేతిలో కంప్యూటరు పలక. మంచావిడ. అది నేను ఒట్టేసి చెప్పగలను. ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

"బిడ్డకి ఊపిరితిత్తులు ఇంకా కుదురుకోలేదు. ఇంకో గంటలో దక్షిణాన పెద్ద ఊరి ఆసుపత్రికి విమానంలో తీసుకెళ్తున్నాం. ఈసారి బంధువుకి ఒక సీటుంది. మీరు అమ్మమ్మ అని కాగితం మీద తేలితే మీరే ఎక్కొచ్చు. తల్లి పేరు చెప్పండి."

"అందులో ఉందిగా. కున్మనార."

"అది అసలు పేరు కాదని నాకు తెలుసు. నేనిక్కడ పదేళ్ల నుంచి ఉన్నాను. మీ ఆచారమంటే నాకు చాలా గౌరవం." గొంతు తగ్గించింది. "కానీ అసలు పేరు లేకుండా నేనేం చెయ్యలేను. రాసిస్తారా?"

"రాయడం రాదు."

"అయితే చెప్పాలి."

మూడు నెలల కిందటి చావుకి మూసిన పేరు. ఇప్పుడు రెండో చావు. ఒక పేరు మీద ఇద్దరు, రెండో మనిషి ఇంకా కిందంతస్తులో చల్లటి గదిలో ఉంది, మట్టి కూడా పడలేదు. ఇలాంటప్పుడు ఆ మాట పలికిన తల్లి మా జనంలో ఉన్నట్టు నేను వినలేదు. ఎడ్వినా తలెత్తి తన తల్లిని చూసింది. రోడాని చూసింది.

"వద్దు" అంది రోడా. అరవలేదు, బతిమాలింది. "వద్దే ఎడ్వినా."

ఎడ్వినా చెప్పింది.

ముసలామె రెండు చేతులతో చెవులు మూసుకుంది. రోడా లేచి, గోడ పట్టుకుని, కారిడారు చివరికి నడిచి వెళ్లిపోయింది.

"ఇంకోసారి చెప్తారా? నాకు అక్షరాలు సరిగా అందలేదు" అంది ట్రేసీ.

ఎడ్వినా మళ్లీ చెప్పింది. మళ్లీ, ముక్కలు ముక్కలుగా, బడిపిల్లకి చెప్పినట్టు. నాలుగోసారికి ట్రేసీ పలక మీద కొట్టింది, ఆగింది, కనుబొమలు ముడిపడ్డాయి.

"ఈ పేరుతో ఒకామె ఉంది. కానీ ఆమె మార్చిలో పడమటి రాష్ట్రానికి వెళ్లిపోయింది. వాళ్లమ్మే ఫోన్లో చెప్పిందని రాశారు. ఈ బిడ్డ తల్లి ఫైలేమో జూన్‌లో తెరిచారు, పుట్టినరోజు వేరు, పాత జబ్బులు ఏమీ లేవు అని ఉంది. రెండూ వేరు వేరు మనుషులు."

"ఒకటే. ఆ అమ్మని నేనే. నేనే చెప్పాను."

"వెళ్లిపోయిందని చెప్పారా?"

"ఊఁ."

"మరి వెళ్లలేదా?"

ఎడ్వినా కిందంతస్తు వైపు వేలు చూపించింది.

ట్రేసీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నేను మిమ్మల్ని నమ్ముతున్నాను. నిజంగా. కానీ నా నమ్మకం మీద సీటు ఇవ్వరు. కోర్టు కాగితం రావాలి, రక్తపరీక్ష కావాలి. నెలో, రెణ్ణెల్లో. అప్పటిదాకా అక్కడ ఒక మంచి కుటుంబం బిడ్డని చూసుకుంటుంది, వాళ్లకి ఇలాంటి పిల్లల్తో బాగా అలవాటు."

గాజుపెట్టెకి చక్రాలున్నాయి. ఇద్దరు నర్సులు తోసుకుంటూ వచ్చారు. ఎడ్వినా లేచి పెట్టె అంచు పట్టుకుని నాలుగడుగులు వాళ్లతోపాటు నడిచింది. వాళ్లు ఆగలేదు, తొయ్యనూ లేదు, ఆమె చేతులే జారిపోయాయి. పెట్టె లిఫ్టులోకి వెళ్లింది.

అప్పుడు ఎడ్వినా పిలిచింది. ఆ పేరే. పొద్దుగూకేవేళ ఆటలో ఉన్న పిల్లని అన్నానికి పిలిచినట్టు, గొంతెత్తి, సాగదీసి. మంచాల మీదున్న మా జనం వార్డుల్లోంచి విని దుప్పట్లు ముఖం మీదికి లాక్కున్నారు. ముసలామెకి లేచి వెళ్లిపోయే ఓపిక లేదు. చెవులు మూసుకుని కుర్చీలోనే కూర్చుంది. గార్డు వచ్చి, "అమ్మా, ఇక్కడ అరవకూడదు, రోగులున్నారు" అన్నాడు.

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. ఎడ్వినా ఇంకోసారి పిలిచింది.